అడ్వాన్సు అంకె కన్నా ముందు చదవాల్సిన క్లాజులు
(రచయితలు, అనువాదకుల కార్యశాలలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

ప్రచురణ ఒప్పందం చేతికి రాగానే కళ్లు ముందు వెతికేది అడ్వాన్సు ఎంతన్నది. అది తప్పని అనను. అయితే ఒప్పందం మొత్తంలో సులువుగా అర్థమయ్యేది ఆ అంకె ఒక్కటే కాబట్టి బేరమంతా దాని చుట్టూనే తిరిగి అక్కడే ఆగిపోతుంది. హక్కులు ఎన్నేళ్లకి ఇస్తున్నారు, ఏమేం ఇస్తున్నారు, అవి ఏ దారిన మీ దగ్గరికి తిరిగి వస్తాయి అన్న మూడింటికీ అడ్వాన్సు కన్నా ఎక్కువ విలువ ఉంది. ఈ మాట మీకు ఒప్పుదల కావాలంటే ముందు అడ్వాన్సు లెక్క తెలియాలి. అక్కడినుంచే మొదలుపెడదాం.

అడ్వాన్సంటే మీకు రాబోయే రాయల్టీలో కొంత ముందుగా చేతికివ్వడం. పుస్తకం వెల 300 రూపాయలు, రాయల్టీ వెల మీద 10 శాతం అనుకోండి. కాపీకి 30 రూపాయలు మీవి. అడ్వాన్సు 30,000 ఇచ్చారంటే 1,000 కాపీల రాయల్టీ ముందే తీసుకున్నట్టు. 1,001వ కాపీ అమ్ముడైనప్పటి నుంచే కొత్తగా డబ్బు వస్తుంది. తెలుగులో మొదటి ముద్రణ 500 లేదా 1,000 కాపీలు వేయడం మామూలు. అందులో సమీక్షలకీ, రచయితకీ ఉచితంగా ఇచ్చే కాపీల మీద రాయల్టీ ఉండదు. అంటే ఈ లెక్కలో రెండో ముద్రణ పడితే తప్ప అడ్వాన్సుకు మించి మీ చేతికి రూపాయి రాదు. అందుకే రెండో ముద్రణ ఎవరి చేతిలో ఉంది, వాళ్లు వేయకపోతే మీరేం చేయగలరు అన్నది అంత ముఖ్యం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇదే ఒప్పందంలో ఒక్క మాట మారిస్తే ఏమవుతుందో చూడండి. "వెల మీద" అన్నచోట "నికర రాబడి మీద" అని ఉందనుకుందాం. పంపిణీదారుకి 45 శాతం కమీషన్ పోతే ప్రచురణకర్త చేతికొచ్చేది 165 రూపాయలు. దాని మీద 10 శాతం 16 రూపాయల 50 పైసలు. అదే 30,000 అడ్వాన్సు తీరడానికి ఇప్పుడు 1,819 కాపీలు అమ్ముడుపోవాలి. శాతం మారలేదు, అడ్వాన్సూ మారలేదు, మీ ఆదాయం మాత్రం దాదాపు సగమైంది. నికర రాబడి మీద ఇవ్వడం అన్యాయమేమీ కాదు, ఈ-బుక్‌లకి అలాగే ఇస్తారు. కానీ అలా ఇచ్చేటప్పుడు శాతం పెరగాలి. నికర రాబడి అంటే ఏమిటో కూడా ఒప్పందంలోనే రాసి ఉండాలి: వెలలోంచి అమ్మకపు కమీషన్ తప్ప రవాణా, ప్యాకింగు, ప్రచారం, గోడౌను ఖర్చులు తగ్గించకూడదని. ఆ నిర్వచనం లేకపోతే దేన్నయినా తగ్గించే వీలు ఉంటుంది.

వెల మీద రాయల్టీ ఇచ్చే ఒప్పందాల్లో కూడా ఒక చిన్న క్లాజు ఉంటుంది. "50 శాతానికి మించిన కమీషన్‌తో అమ్మిన ప్రతులకు నికర రాబడి మీద 10 శాతం" అని. గ్రంథాలయాలకీ, సంస్థలకీ టోకున ఇచ్చేటప్పుడు ఇది వర్తిస్తుందంటారు. లెక్క వేయండి. సరిగ్గా 50 శాతానికి అమ్మితే ప్రచురణకర్తకి 150 వస్తుంది, మీకు 30 ఇచ్చాక 120 మిగులుతుంది. 55 శాతానికి అమ్మితే 135 వస్తుంది, మీకు 13 రూపాయల 50 పైసలు ఇస్తే 121 రూపాయల 50 పైసలు మిగులుతుంది. అంటే ఎక్కువ కమీషన్ ఇచ్చినా ప్రచురణకర్తకి రూపాయిన్నర లాభమే, నష్టమంతా మీదే. ఎవరి మనసులోనూ దురుద్దేశం లేకపోయినా ఈ క్లాజు అమ్మకాలను అటువైపే నెడుతుంది. మార్పు అడగండి: అలాంటి అమ్మకాలకి రాయల్టీ వెల మీద కనీసం 7 శాతానికి తగ్గకూడదని గానీ, ఒక ఏడాదిలో అలా అమ్మే కాపీలు మొత్తంలో ఇంత శాతం దాటకూడదని గానీ.

అడ్వాన్సు ఒకేసారి రావడం అరుదు. సంతకం చేసినప్పుడు సగం, రాతప్రతి ఆమోదించాక లేదా పుస్తకం వెలువడినప్పుడు మిగతా సగం అన్నది మనదేశంలో తరచు కనిపించే పద్ధతి. అమెరికాలో పెద్ద సంస్థలు మూడు నాలుగు వాయిదాలు చేస్తాయి, ఏజెంటు ఉంటే ప్రతి వాయిదాలోంచీ 15 శాతం వాళ్లకి పోతుంది. అక్కడ ఇంగ్లీషులో రాస్తున్న మన పిల్లలు పెద్ద అంకె చూసి ఉద్యోగం మానేసే ముందు ఆ మొత్తం రెండు మూడేళ్ల మీద పరుచుకుని వస్తుందని గుర్తుంచుకోవాలి.

వాయిదాల్లో ఇబ్బంది పెట్టేది "ప్రచురణ నాడు" అన్న మాట. ప్రచురణ జరగకపోతే ఆ వాయిదా ఎప్పటికీ రాదు. దాని పక్కన "లేదా రాతప్రతి ఆమోదించిన 12 నెలలకు, ఏది ముందైతే అది" అని చేర్పించండి. రెండో ఇబ్బంది "ఆమోదం". రాతప్రతి ప్రచురణకర్తకి సంతృప్తికరంగా లేకపోతే ఒప్పందం రద్దు, అడ్వాన్సు వాపసు అని రాసి ఉంటుంది. సంతృప్తి ఎవరిది, ఎన్నాళ్లలో చెప్పాలి? 60 రోజుల్లోగా లోపాలు రాతపూర్వకంగా చెప్పాలి, సవరించడానికి రచయితకి మరో 60 రోజులివ్వాలి, అప్పటికీ కుదరకపోతే అడ్వాన్సును వేరే ప్రచురణకర్త ఇచ్చే డబ్బులోంచి రచయిత తీరుస్తారు, ఈలోగా హక్కులు రచయితవే. ఈ నాలుగు ముక్కలూ ఉంటే చాలు. పుస్తకం అమ్ముడుపోకపోతే అడ్వాన్సు వెనక్కివ్వాలా అని చాలామంది భయపడతారు. వాడుకలో అక్కర్లేదు. అయినా "అమ్మకాలతో సంబంధం లేకుండా ఈ అడ్వాన్సు తిరిగి చెల్లించనవసరం లేనిది" అన్న వాక్యం కాగితం మీద ఉండాలి.

రెండు పుస్తకాలకి కలిపి ఒకే ఒప్పందం చేస్తున్నప్పుడు "ఖాతాలు కలిపి చూడబడతాయి" అన్న మాట కోసం వెతకండి. ఒక్కో పుస్తకానికి అడ్వాన్సు 30,000. మొదటి దాని మీద రాయల్టీ 12,000 వచ్చింది, రెండో దాని మీద 45,000 వచ్చింది. ఖాతాలు వేరుగా ఉంటే రెండో పుస్తకం మీద మీకు 15,000 ఇవ్వాలి. కలిపితే మొత్తం రాబడి 57,000, మొత్తం అడ్వాన్సు 60,000, కాబట్టి ఇంకా 3,000 తీరలేదంటారు, మీకేమీ రాదు. ఒక పుస్తకం బాగా ఆడినా ఇంకోదాని లోటు పూడ్చడానికే పోతుంది. ఖాతాలు వేర్వేరుగా ఉండాలని పట్టుబట్టండి. ఇది నేను ఎంతమాత్రం సర్దుకుపోవద్దనే విషయాల్లో ఒకటి.

ఇక హక్కుల దగ్గరికి వద్దాం.

మనకి ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టం. ప్రచురణ గురించిన ముఖ్యమైన మాటలు చాలావరకు 18, 19, 30 సెక్షన్లలో ఉన్నాయి. తీరిగ్గా కూర్చుంటే అరగంట చదువు. హక్కులు ఇవ్వడానికి రెండు దారులున్నాయి. ఒకటి బదిలీ, అంటే ఆ హక్కుకి ఇకమీదట వాళ్లే యజమానులు. రెండోది లైసెన్సు, అంటే యజమాని మీరే, వాడుకోవడానికి అనుమతి మాత్రం ఇస్తున్నారు. ఇంత కాలానికి, ఈ భాషలో, ఈ రూపంలో ప్రచురించడానికి ప్రత్యేక లైసెన్సు, అంటే వేరెవరికీ ఇవ్వని అనుమతి, ఇస్తే ఏ ప్రచురణకర్తకైనా పుస్తకం వేసి అమ్ముకోవడానికి అది సరిపోతుంది. బదిలీ అడిగితే ఎందుకో అడగండి.

19వ సెక్షన్ ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నవి అందులో చెప్పాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే ఆ హక్కు బదిలీ రద్దయినట్టే, ఒప్పందంలో మరోలా రాసుకుంటే తప్ప. 30ఏ సెక్షన్ ఇవే రక్షణలను లైసెన్సులకీ వర్తింపజేస్తుంది.

"మరోలా రాసుకుంటే తప్ప" అన్న ఆ ముక్కలోనే చిక్కంతా ఉంది. ఒప్పందాల్లో చివరి పేజీల్లో ఎక్కడో "సెక్షన్ 19(4) ఈ ఒప్పందానికి వర్తించదని ఇరుపక్షాలు అంగీకరించడమైనది" అని ఒక వాక్యం ఉంటుంది. చట్టం మీకిచ్చిన ఏడాది గడువును మీ సంతకంతోనే తీసేసే వాక్యం అది. కొట్టేయమనండి. ఒప్పుకోకపోతే కనీసం అచ్చు పుస్తకానికి 18 నెలలు, ఆడియోకీ అనువాదాలకీ రెండేళ్లు అని గడువులు రాయించండి.

కాలం దగ్గర మరో మాట దొర్లిపోతుంది: "కాపీరైట్ ఉన్నంత కాలం". మన చట్టంలో అది రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఆ 60 ఏళ్లు మరణించిన మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి లెక్క. 2030లో పోయిన రచయిత పుస్తకం 2090 డిసెంబరు 31 వరకు కాపీరైట్‌లో ఉంటుంది. 1,000 కాపీలు వేయడానికి, 30,000 అడ్వాన్సుకి, మీ మనవల కాలం దాకా హక్కు రాసివ్వడం ఎంత పెద్ద ఇవ్వడమో చూడండి. తెలుగు పుస్తకానికి ఐదేళ్లు, ఇష్టమైతే పొడిగించుకునే వీలుతో, సరిపోతుందని నా అభిప్రాయం. ఇంగ్లీషు ప్రచురణ సంస్థలు అంత తక్కువకి ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కాలం మీద వాదన వదిలేసి హక్కులు తిరిగొచ్చే క్లాజు మీద బలమంతా పెట్టండి.

ఆ క్లాజు పాత ఒప్పందాల్లో "పుస్తకం అచ్చులో లేకపోతే హక్కులు రచయితకి తిరిగి చెందుతాయి" అని ఉండేది. అప్పట్లో అది బాగానే పనిచేసింది. ఇప్పుడు ఈ-బుక్ ఎప్పుడూ సైట్లో ఉంటుంది, ఆర్డరు వస్తే ఒక్క కాపీ అయినా అచ్చేసిచ్చే పద్ధతి వచ్చింది. ఏడాదికి రెండు కాపీలు పోయినా పుస్తకం "అచ్చులో ఉన్నట్టే". కాబట్టి అచ్చు అన్న మాట వదిలి అంకె పెట్టాలి. "వరసగా రెండు సంవత్సరాల లెక్కల్లో, ఒక్కో ఏడాది అన్ని రూపాల్లో కలిపి 50 కాపీల కన్నా తక్కువ అమ్ముడైతే, రచయిత రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందిన ఆరు నెలల్లోగా కనీసం 300 కాపీలు పునర్ముద్రించి అమ్మకానికి పెట్టకపోతే హక్కులన్నీ వేరే పత్రం అవసరం లేకుండా రచయితకి చెందుతాయి." అంకెలు మీ పుస్తకాన్ని బట్టి మార్చుకోండి, ఈ మూడు భాగాలు మాత్రం ఉండాలి: కొలత, నోటీసు, గడువు. అడ్వాన్సు తీరలేదన్న కారణంతో హక్కులు ఆపకూడదని కూడా ఒక మాట చేర్చండి.

హక్కులు తిరిగొచ్చాక తెలుగు రచయితకి ఎదురయ్యే చిక్కు ఒకటుంది, ఇంగ్లీషు నమూనా ఒప్పందాల్లో దాని ప్రస్తావనే ఉండదు. మన పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారయ్యాయి. అది యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లలోనూ, ఫోన్లలోనూ చదవగలిగే అక్షర పద్ధతి కాదు. ఆ ఫైలు దొరికినా ఈ-బుక్‌గా నేరుగా మారదు, కన్వర్టర్‌లో పెడితే కొన్ని వత్తులూ గుణింతాలూ చెదిరిపోతాయి, మళ్లీ మొదటినుంచీ ప్రూఫులు చూడాలి. మీరు వర్డ్‌లో పంపిన రాతప్రతి మీ దగ్గరున్నా ఆఖరి ప్రూఫుల్లో చేసిన దిద్దుబాట్లు అందులో ఉండవు. అందుకని పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా తుది దిద్దుబాట్లతో యూనికోడ్ పాఠమూ, అచ్చుకి పంపిన పీడీఎఫ్‌ కూడా రచయితకి ఇవ్వాలని రాయించుకోండి. ముఖచిత్రం సంగతి వేరు. దాని హక్కు చిత్రకారుడిది గానీ, కొనుక్కుంటే ప్రచురణకర్తది గానీ. కొత్త ప్రచురణకి కొత్త అట్ట కావాలనే అనుకోండి.

ఏ హక్కులు ఇవ్వాలన్న దానికి నేను వాడే కొలత ఒకటే: ఆ పని చేసే సత్తా ఈ ప్రచురణకర్తకి ఉందా? తెలుగులో అచ్చు పుస్తకం వేస్తున్నారు, ఇవ్వండి. ఈ-బుక్ అమ్ముతున్నారా? ఆడియో పుస్తకం ఇంతకు ముందు చేశారా? సినిమా, వెబ్ సిరీస్ హక్కులు ఎవరికైనా అమ్మిపెట్టారా? లేదంటే అవి మీ దగ్గరే ఉంచుకోండి. ముఖ్యంగా సినిమా హక్కు. నవల ఒకటి తెరకెక్కితే వచ్చే మొత్తం ముందు పుస్తకం జీవితకాలపు రాయల్టీ చిన్నదే అవుతుంది, ప్రచురణకర్త దానికోసం చేసే పని దాదాపు ఉండదు. ఒకవేళ ఆడియో హక్కు ప్రచురణకర్త ద్వారానే అమ్మితే మీ వాటా తీరని అడ్వాన్సులోకి జమ కాకుండా 30 రోజుల్లో నేరుగా మీకే చెల్లించాలని అడగొచ్చు. ఆడియో 40,000కి పోయి మీ సగం 20,000 అడ్వాన్సు బాకీలో కలిసిపోతే మీ చేతికేమీ రానట్టే.

"ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో" అన్న మాట చూసి కంగారు పడకండి. 2012 సవరణ తర్వాత, ఒప్పందం నాటికి లేని, లేదా వ్యాపార వాడుకలో లేని మాధ్యమానికి బదిలీ వర్తించదు, ఆ మాధ్యమాన్ని పేరుపెట్టి చెప్తే తప్ప. అయినా ఆ వాక్యాన్ని తీయించడమే మంచిది, కోర్టులో గెలవడం కన్నా కాగితం మీద గెలవడం తేలిక. కృత్రిమ మేధ వ్యవస్థలకి శిక్షణ కోసం రచనను ఇచ్చే హక్కు రచయితదేనని ఒక వాక్యం ఈ రోజుల్లో విడిగా రాయించుకోవాలి.

అనువాదకులకి ఒక మాట. మూల రచయిత అనుమతి లేకుండా అనువాదం ప్రచురించలేరు, అనువాదం మీద కాపీరైట్ మాత్రం మీదే. తెలుగు ప్రచురణకర్తకి రచయిత "అన్ని హక్కులూ" రాసిచ్చేసి ఉంటే రచయిత మీకిచ్చిన ఉత్తరం చెల్లదు, ఆ ప్రచురణకర్త దగ్గరికి వెళ్లాలి. పని మొదలుపెట్టే ముందే పాత ఒప్పందం చూపించమని అడగండి, మొహమాటపడకండి. రాయల్టీని ఇద్దరూ పంచుకునేటప్పుడు అడ్వాన్సు కూడా అదే నిష్పత్తిలో, ఇద్దరికీ విడివిడి ఖాతాలుగా ఉండాలి. రచయితలకి నా సలహా: అనువాదకుడికిచ్చే అనుమతికి గడువు పెట్టండి. రెండేళ్లలో ప్రచురణకర్త కుదరకపోతే అనుమతి ముగుస్తుందని. లేకపోతే ఆ భాషలో మీ పుస్తకం తలుపు మూసుకుపోతుంది.

మిగతా క్లాజులు త్వరగా చెప్తాను. హామీ క్లాజులో రచన సొంతమని, ఎవరి పరువుకీ భంగం లేదని రాసిస్తారు, అది న్యాయమే. కానీ "ఎవరు ఏ ఆరోపణ చేసినా ఖర్చంతా రచయితదే" అని ఉంటే "కోర్టు తుది తీర్పులో రుజువైన ఉల్లంఘనకి మాత్రమే" అని మార్చండి. అధ్యాయాల ముందు సినిమా పాటల చరణాలు, ఇతరుల కవితా పంక్తులు వేసుకోవడం మనకి అలవాటు, వాటి అనుమతి తెచ్చుకునే బాధ్యతా ఖర్చూ రచయిత మీదే ఉంటాయి. తర్వాతి పుస్తకం ముందు వాళ్లకే చూపించాలన్న క్లాజుని ఒక్క పుస్తకానికి, అదే ప్రక్రియకి, 60 రోజుల గడువుకి కుదించండి. పద్దుల పరిశీలన హక్కు ఉండాలి: ఏడాదికోసారి మీ ఆడిటర్ లెక్కలు చూడొచ్చు, 5 శాతానికి మించి తేడా తేలితే ఆ ఖర్చు ప్రచురణకర్తది. లెక్కల పత్రంలో అచ్చేసినవి, అమ్మినవి, వాపసు వచ్చినవి, ఉచితంగా ఇచ్చినవి, మిగిలినవి విడివిడిగా ఉండాలి. షాపుల నుంచి వాపసు రావొచ్చని కొంత రాయల్టీ ఆపుతారు, దానికి 20 శాతం, ఏడాది అని హద్దు పెట్టండి.

పన్ను గురించి ఒక్క మాటే: రాయల్టీలోంచి టీడీఎస్ 10 శాతం కోసినా, మీ ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. పాత పన్ను విధానంలో ఉన్న రచయితలకి 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80క్యూక్యూబీ సెక్షన్ కింద 3 లక్షల వరకు రాయల్టీ మీద మినహాయింపు ఉండేది. బడి పాఠ్యపుస్తకాలకీ గైడ్లకీ అది లేదు. 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి కాబట్టి ఆడిటర్ని అడగండి.

చీటీల మీద ప్రశ్నలొచ్చాయి.

"రాయల్టీ బదులు 100 కాపీలు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?" వెల 200, ముద్రణ 1,000 అయితే 10 శాతం రాయల్టీ 20,000. 100 కాపీల వెల కూడా 20,000, కాబట్టి సమానంగానే కనిపిస్తుంది. కానీ మీరు వాటిని 40 శాతం కమీషన్‌కి షాపులో వేస్తే 12,000 వస్తుంది, సగం స్నేహితులకి పంచితే 6,000. పుస్తక ప్రదర్శనల్లో మీరే కూర్చుని అమ్మగలిగితే సరే. ఏదైనా "ఈ ఏర్పాటు మొదటి ముద్రణ వరకే" అని రాయించండి.

"మాకు కాగితమే లేదు, అంతా నోటిమాట." అయితే కాపీరైట్ మీ దగ్గరే ఉంది, సంతకం లేకుండా బదిలీ జరగదు. డబ్బు దగ్గర మాత్రం రుజువు కష్టం. ఇప్పుడైనా ఎన్ని కాపీలు, వెల ఎంత, రాయల్టీ ఎంత, ఎప్పుడిస్తారు అని ఒక ఈమెయిల్ పెట్టి జవాబు తెచ్చుకోండి.

"నవలల పోటీకి పంపిన రచన హక్కులు ఎవరివి?" పోటీ నిబంధనలూ మీరు సంతకం చేసి పంపిన హామీపత్రమూ కలిపితే అదే ఒప్పందం. బహుమతి మొత్తంలో మొదటి ముద్రణ హక్కు మాత్రమే కలిసుందా, అన్నీ కలిశాయా అన్నది పంపకముందే చదవండి.

ఆఖరి చీటీ. "పదేళ్ల కిందట కాపీరైట్ కాలమంతటికీ రాసిచ్చాను. పుస్తకం ఎక్కడా దొరకడం లేదు. ఏం చేయాలి?" ముందు ఒప్పందం కాపీ తీసి 19(4)ని తొలగించే వాక్యం ఉందా, తిరిగొచ్చే క్లాజు ఉందా చూడండి. ఉన్నా లేకపోయినా స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాయండి. పుస్తకం పేరు, ఒప్పందం తేదీ, చివరి ముద్రణ ఏ సంవత్సరం, చివరిసారి లెక్కలు ఎప్పుడు ఇచ్చారు, మిగిలిన కాపీలెన్ని అని అడగండి. ఆరు నెలల్లో పునర్ముద్రణ వేయండి, లేదా ఫలానా హక్కులు రచయితకి తిరిగి ఇస్తున్నామని సంతకం చేసిన లేఖ ఇవ్వండి అని కోరండి. మిగిలిన కాపీలు సగం వెలకి కొంటానని చెప్పండి. గోడౌనులో కదలని పుస్తకానికి ఈ ప్రతిపాదన వస్తే చిన్న ప్రచురణకర్తలు చాలావరకు ఒప్పుకుంటారు. లేఖలో అచ్చు ఒక్కటే కాకుండా ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులన్నీ పేరుపేరునా ఉండేలా చూసుకోండి. కొత్త ప్రచురణకర్త మొదట అడిగే కాగితం అదే.